నిష్పక్షపాతి

పట్టీ తీసేసి రెండు గంటలు దాటినా ప్రొఫెసర్ ముక్తేశ్వరరావు తన కారు డ్రైవరును గుర్తుపట్టలేదు.

పరిశోధన సంస్థ మెట్ల కింద కారు తలుపు తెరిచి పట్టుకుని నిలబడిన అప్పలస్వామిని ఆయన ఎగాదిగా చూసి, "మీరు ఎవరి కోసం చూస్తున్నారండీ?" అని అడిగాడు. అప్పలస్వామి పదహారేళ్ళుగా ఆయన దగ్గరే పనిచేస్తున్నాడు. ఇన్నేళ్ళలో అయ్యగారు తనను 'అండీ' అనడం ఇదే మొదలు. వేళాకోళమాడుతున్నారనుకుని నవ్వేశాడు. ముక్తేశ్వరరావు నవ్వలేదు.

"నా కారు కూడా రావాలండీ. డ్రైవరు పేరు అప్పలస్వామి. మీకేమైనా కనిపించాడా?" అన్నాడు.

మేడ మీద వరండాలో నిలబడి ఇదంతా చూస్తున్న డాక్టర్ నూకరత్నం చేతి గడియారం చూసుకుంది. ఆ పట్టీని కనిపెట్టింది ఆమే.

విశాఖలో సముద్రానికి ఎదురుగా గుట్ట మీద ఉన్న ఆ సంస్థలో నూకరత్నం పనిచేసేది మెదడు మీద. ఎదుటి మనిషి నోరు తెరిచిన క్షణంలో, చెప్పేది మనకింకా అర్థం కాకముందే, మెదడు ఆ మనిషిని తీసుకెళ్ళి ఏదో ఒక అరలో పెట్టేస్తుంది. మనవాడా పరాయివాడా, పైవాడా కిందివాడా, ఏ ఊరి యాస, ఎలాంటి ఇల్లు. ఆ పని జరిగే చోటును ఆమె ఆరేళ్ళు వెతికి పట్టుకుంది. ఆ చోటును రెండు గంటల సేపు నిద్రపుచ్చే పట్టీని ఆమె స్నేహితుడు జాఫర్ తయారుచేశాడు. నుదుటికి కట్టుకునే పట్టీ అది. కట్టుకున్నవాళ్ళకు ఎదుటి మనిషి కళ్ళూ ముక్కూ కనిపిస్తూనే ఉంటాయి గానీ అవన్నీ కలిసి ఒక ఫలానా మనిషి అవ్వవు. మాటలు స్పష్టంగా వినిపిస్తాయి, యాస వినిపించదు.

పరిశోధకులను ఉద్యోగాల్లోకి తీసుకునే ఇంటర్వ్యూల్లో కమిటీ సభ్యులందరూ ఆ పట్టీ కట్టుకోవాలని రెండేళ్ళ కిందట సంస్థ నిర్ణయించింది. అంతకు ముందు ఇరవై ఏళ్ళలో చదువు ఎరగని ఇళ్ళ నుంచి ఆ సంస్థలోకి వచ్చినవాళ్ళు ఇద్దరు. పట్టీ వచ్చిన రెండేళ్ళలో తొమ్మిది మంది వచ్చారు. నూకరత్నం ఆ తొమ్మిది పేర్లూ కంఠస్థం చేసింది.

ఇంటర్వ్యూలకు వాడకముందు ఆమె పట్టీని తన మీదే పరీక్షించుకుంది. సరిగ్గా అప్పుడే ఫోను మోగింది.

"ఏటే రత్నాలూ, తిన్నావేటి?"

ఎవరో ఒకామె తను భోజనం చేసిందీ లేనిదీ అడుగుతోందని ఆమెకు అర్థమైంది. "తిన్నానండీ," అంది మర్యాదగా.

"అండీ అంతన్నావేటే? ఒంట్లో బాగోనేదేటి?" అన్న గొంతులో కంగారు కూడా ఆమెకు తెలిసింది. ఆ కంగారు తన తల్లిదని మాత్రం తెలియలేదు. రెండు గంటల తరువాత తెలిసి, మళ్ళీ ఫోను చేసి, పనిలో ఉన్నానని అబద్ధం చెప్పింది. నోటుపుస్తకంలో మాత్రం 'గొంతు గుర్తింపు పూర్తిగా ఆగింది, ఆశించిన ఫలితం' అని రాసుకుంది. ఆ రాత చూసినప్పుడల్లా తరువాత ఆమెకు ఒళ్ళు మండేది.

ముక్తేశ్వరరావు సంగతి వేరు. పదకొండేళ్ళ కిందట వేరే ఊళ్ళో లెక్చరరు ఉద్యోగానికి ఆమె ఇంటర్వ్యూకి వెళ్ళినప్పుడు కమిటీకి ఆయనే ఛైర్మన్. శ్రీకాకుళం తీరంలో ఒక జాలర్ల పేట నుంచి వచ్చిన పిల్ల ఆమె. వాళ్ళమ్మ గంపనెత్తుకుని చేపలమ్మి చదివించింది. ఆ రోజు అరగంట చక్కగా మాట్లాడి కూర్చుంటే, ఆయన పక్కనున్న సభ్యుడి వైపు వంగి, అందరికీ వినబడేలాగే, "విషయం ఉందయ్యా. కానీ ఈ యాసతో క్లాసులో నిలబడితే పిల్లలు చేపల బజారు అనుకుంటారు," అన్నాడు. గది నవ్వింది. ఆమె థాంక్స్ చెప్పి బయటికి వచ్చింది. తరువాత రెండేళ్ళు అద్దం ముందు నిలబడి మాట మార్చుకుంది. పేరు కూడా ఎన్. రత్నం అని కుదించుకుంది. ఒక రోజు ఆయన ఎదురుపడితే ఏమనాలో వందసార్లు మనసులో అనుకుంది.

ఆయన ఎదురుపడ్డాడు కూడా. రిటైరయ్యాక ఈ సంస్థ ఆయన్నే ఇంటర్వ్యూ కమిటీలకు ఛైర్మన్‌గా పిలిచింది. ఆమెను చూసి గుర్తుపట్టలేదు. "పట్టీ లేకపోయినా నేను పక్షపాతం ఎరగని మనిషినమ్మా. సరే, ముచ్చట పడుతున్నారు, కట్టండి," అంటూ తల వంచాడు. ఆమే స్వయంగా కట్టింది. మిగతా సభ్యులు మారుతూ వచ్చారు. ఆయన ఒక్కడు మాత్రం ముప్ఫై ఒక్కసార్లు కట్టుకున్నాడు. ఒకే తలకు ఇన్నిసార్లు మంచిది కాదేమోనన్న అనుమానం ఆమెకు పదోసారికే వచ్చింది. ఎవరితోనూ అనలేదు. ఆ తల వంచినప్పుడల్లా ఆమెకు ఏదో ఓ మూల తృప్తిగా ఉండేది.

వారం తిరక్కుండా ఆయన భార్య భ్రమరాంబ ల్యాబుకు వచ్చింది. అరవై దాటిన మనిషి, నీరెండలో మెట్లెక్కి ఆయాసపడుతోంది. నూకరత్నం కుర్చీ వేసి, మంచినీళ్ళిచ్చింది.

"ఆయనకు మతిమరుపు కాదమ్మా," అంది ఆవిడ. "పెళ్ళినాటి సంగతులు కూడా పూసగుచ్చినట్టు చెబుతారు. భ్రమరాంబ నా భార్య అంటారు. ఎదురుగా నిలబడ్డ నేనే ఆ భ్రమరాంబనంటే మాత్రం, 'కావచ్చునండీ, మీరు చెబుతున్నారుగా' అంటారు. పనిమనిషితో ఎంత మర్యాదో నాతోనూ అంతే. కూరలవాడు వస్తే కుర్చీ వేస్తున్నారు. నిన్న నేను వడ్డిస్తుంటే లేచి నిలబడి, 'మీరు భోంచేశారా అమ్మా?' అన్నారు. నలభై రెండేళ్ళుగా 'ఏమే' తప్ప ఇంకో పిలుపు ఎరగను. సంతోషించాలో ఏడవాలో నాకు తెలీడం లేదు."

నూకరత్నానికి కూడా తెలియలేదు. ఆవిడ ముందు రాబోయిన నవ్వు ఆపుకుని, ఆయన్ని పరీక్షలకు తీసుకురమ్మంది.

పరీక్షలు చేస్తే సంగతి బయటపడింది. రెండు గంటలు నిద్రపోయి లేవాల్సిన ఆ చోటు ఆయన మెదడులో లేవడం మానేసింది. నూకరత్నం ఆ కాగితాలు తీసుకుని డైరెక్టరు వసుంధర గదికి వెళ్ళింది. ఆవిడ కాగితాలు రెండుసార్లు తిరగేసింది.

"అంటే ఆయన ఇప్పుడు పట్టీ లేకుండానే ఎవరినీ ఏ అరలోనూ పెట్టడన్నమాట."

"పెట్టలేడండీ."

"రత్నంగారూ, అలాంటి న్యాయమూర్తి ఎక్కడైనా ఉన్నాడా చెప్పండి. ఆయన్ని శాశ్వత ఛైర్మన్ చేద్దాం. ఆయనకు నొప్పి లేదు, బాధ లేదు అని మీరే రాశారు."

"వాళ్ళావిడకు ఉంది."

"ఆవిడ మన ప్రయోగంలో లేదు," అంది వసుంధర. ఆవిడ చెడ్డ మనిషేమీ కాదు. ఆ తొమ్మిది మంది కోసం పెద్దలతో పోట్లాడిన మనిషి. అందుకే నూకరత్నం గట్టిగా ఏమీ అనలేకపోయింది.

జాఫర్ అయితే ఇంకా సూటిగా చెప్పాడు. "ఈ సంగతి బయటికి వెళ్ళిందనుకో, పట్టీలు అటకెక్కుతాయి. మళ్ళీ పాత కమిటీలు, పాత నవ్వులు. నిన్ను చూసి నవ్వినవాళ్ళు రేపు ఇంకో పిల్లను చూసి నవ్వుతారు. అది నీకు ఇష్టమేనా?"

"కాదు."

"మరి?"

ఆమె కాగితాలు మడిచి సొరుగులో పెట్టింది.

ఆ వారంలోనే పాంగి సుభద్ర అనే అమ్మాయి ఆమెను వెతుక్కుంటూ వచ్చింది. పాడేరు పైన కొండ మీద ఊరు. చోళ్ళ విత్తనాల మీద, అంటే రాగుల మీద, పరిశోధన చేసింది. పట్టీ కమిటీ కిందటి నెలలో ఆమెను తిరగ్గొట్టింది. కారణం అడిగితే ఇచ్చిన కాగితం పట్టుకొచ్చింది. 'సమాచారం బాగుంది. ఆధారం లేదు' అని ఉంది అందులో.

"ఏం చెప్పావమ్మా ఇంటర్వ్యూలో?" అని అడిగింది నూకరత్నం.

"వానల్లేని ఏడు ఏ గింజ నిలబడుతుందో మా ఆడవాళ్ళు కొరికి చెబుతారు మేడమ్. నేనూ చెప్పగలను. పన్నెండేళ్ళు వచ్చేసరికి మా అమ్మమ్మ నేర్పింది. ఆ గింజలే ల్యాబులో పెట్టి చూశాను. ఆమె మంచిదన్నవన్నీ మంచివే అయ్యాయి, కొరికితే ఎలా తెలుస్తుందో మాత్రం ఏ యంత్రానికీ దొరకలేదు. అదే చెప్పాను."

"బాగానే ఉందిగా."

"బాగానే విన్నారు. కానీ ఎవరో ఊరూ పేరూ లేని మనిషి వచ్చి గింజ కొరికి చెబుతానంటే నేనైనా నమ్మను మేడమ్. నేను ఊరూ పేరూ లేని మనిషిని కాదు కదా."

నూకరత్నం ఆ కాగితం మళ్ళీ చదివింది.

"పట్టీ లేని రోజుల్లో ఒకసారి వచ్చాను," అంది సుభద్ర. "నన్ను చూశారు, మాట వినలేదు. ఈసారి మాట విన్నారు, నన్ను చూడలేదు. రెండింట్లో ఏది మేలో నాకు తోచడం లేదు. మీరు కనిపెట్టారు కదా, మీకు తెలుసా?"

నూకరత్నం ఆ కాగితం తన దగ్గర ఉంచుకుంది. మళ్ళీ రమ్మని మాత్రం చెప్పింది.

ముక్తేశ్వరరావుకు మందు లేదు. పడుకున్న చోటును నెమ్మదిగా తట్టి లేపడం ఒక్కటే దారి అని నూకరత్నానికి తోచింది. ఎదురుగా కూర్చుని, నేను ఫలానా, మీకూ నాకూ మధ్య జరిగింది ఇదీ అని రోజూ చెప్పాలి. భ్రమరాంబ రోజూ పొద్దున్నే కాఫీ ఇస్తూ పెళ్ళిచూపుల దగ్గర్నుంచి మొదలుపెట్టేది. అప్పలస్వామి వచ్చి తను తోలిన మూడు కార్ల చరిత్ర చెప్పేవాడు. ఇంటివాళ్ళు కాని పాతమనిషి కూడా ఒకరుంటే మంచిదని నూకరత్నమే అంది. అనేశాక ఆ పాతమనిషి తానే అని గుర్తొచ్చింది.

ఒక ఆదివారం ఉదయం పెదవాల్తేరులో వాళ్ళింటి వరండాలో ఆయన ఎదురుగా కూర్చుంది.

"నన్ను మీరు పదకొండేళ్ళ కిందట చూశారు. లెక్చరరు ఉద్యోగానికి వచ్చాను. మీరే ఛైర్మన్."

"అలాగా. ఉద్యోగం వచ్చిందా అమ్మా?"

"రాలేదు."

"అయ్యో. పరిశోధన బాగాలేదా?"

"విషయం ఉందన్నారు. కానీ నా యాసతో క్లాసులో నిలబడితే పిల్లలు చేపల బజారు అనుకుంటారన్నారు."

ఆయన మొహంలో కోపం గానీ సిగ్గు గానీ కనిపిస్తాయేమోనని ఆమె చూసింది. ఆయన కళ్ళద్దాలు సర్దుకుని, కష్టమైన లెక్క ఎదురైన విద్యార్థిలా ఆలోచించాడు.

"చేపల బజారులో అలా మాట్లాడతారా?"

"మాట్లాడతారు. మా అమ్మ అక్కడే అమ్మేది."

"అలా మాట్లాడితే అర్థం కాదా?"

"అవుతుంది."

"మరి పిల్లలెందుకు నవ్వుతారు?"

"అది తక్కువ మాట అని."

"ఎవరి మాట కంటే తక్కువ?"

"మీ మాట కంటే."

"అలాగని నాకెవరు చెప్పారు?" అన్నాడాయన. నిజంగానే తెలుసుకోవాలని అడుగుతున్నాడు. "చూడమ్మా, నేను ఆ మాట అని ఉంటాను. మీరు అబద్ధం చెప్పే మనిషిలా లేరు. ఎందుకన్నానో మాత్రం నాకు అర్థం కావడం లేదు. కాస్త విడమరచి చెబుతారా?"

నూకరత్నం చెప్పబోయింది. మా మనుషుల్ని మీ మనుషులు ఎలా చూస్తారో, ఆ చూపు ఎక్కడ మొదలవుతుందో, గంపలోంచి చెయ్యి తగలకుండా చేప ఎలా తీసుకుంటారో మొదటి నుంచీ వివరించబోయింది. రెండు ముక్కలు చెప్పేసరికి, చేస్తున్న పనేమిటో తెలిసి ఆగిపోయింది. ఆయన క్షమాపణ అడగాలంటే ముందు ఆ చీదర ఆయనకు మళ్ళీ నేర్పాలి. నేర్పవలసినది తనే. పదకొండేళ్ళుగా తయారుచేసుకున్న జవాబుల్లో ఒక్కటి కూడా ఈ మనిషికి సరిపోదు.

"నాకు నయమైతే మళ్ళీ అలాగే అంటానా?" అని అడిగాడాయన.

"తెలీదండీ."

"అయితే నయం చెయ్యడం ఎందుకు?"

గుమ్మంలో కాఫీ గ్లాసులతో నిలబడిపోయిన భ్రమరాంబ, "నా కోసం," అంది. గ్లాసులు బల్ల మీద పెట్టి, ఆయనతో కాక నూకరత్నంతో చెప్పింది. "ఈయన మంచివాడేనమ్మా, కాదనను. కానీ ఈ మర్యాదస్తుడెవరో నాకు తెలీదు. నన్ను 'ఏమే' అన్నవాడి మీద నాకు లక్ష ఫిర్యాదులున్నాయి. అవి ఎవరికి చెప్పుకోను?"

ఆ మధ్యాహ్నమే నూకరత్నం రిపోర్టు రాయడానికి కూర్చుంది. అన్నీ రాసింది. పదోసారికే అనుమానం వచ్చినా ఊరుకున్నానని రాసింది. ఎందుకు ఊరుకుందో కూడా రాసి, ఆ వాక్యం రెండుసార్లు కొట్టేసి, మూడోసారి ఉంచేసింది.

వసుంధర వారం రోజులు ఆమెతో మాట్లాడలేదు. జాఫర్ ఇంకా ఎక్కువ రోజులు మాట్లాడలేదు. రిపోర్టు చదివాక మిగతా కమిటీ సభ్యుల్లో ఇద్దరు తమ సంగతీ బయటపెట్టారు. ఒకాయన మేనకోడలి పెళ్ళిలో సొంత అక్కను పలకరించకుండా దాటిపోయాడట. దాంతో పట్టీలన్నీ బీరువాలోకి వెళ్ళాయి. తొమ్మిది మంది ఉద్యోగాలు ఉన్నాయి గానీ పదో మనిషి ఎలా వస్తాడో ఎవరికీ తెలియదు. ఆ తొమ్మిది మందిలో ఒక కుర్రాడు కారిడార్‌లో ఎదురై, ఏమీ అనకుండా పక్కకు తప్పుకుని వెళ్ళిపోయాడు. చేసింది మంచో చెడో నూకరత్నం తేల్చుకోలేకపోయింది. పెదవాల్తేరుకు వెళ్ళడం మాత్రం మానలేదు.

నాలుగు నెలలు గడిచాయి. ఒక గురువారం ఆమె గేటు తీసేసరికి వరండాలో ఉన్న ముక్తేశ్వరరావు గబుక్కున లేచి నిలబడ్డాడు.

"నూకరత్నం," అన్నాడు. ఆ పేరు పూర్తిగా పలికినవాళ్ళు ఆ ఊళ్ళో ఎవరూ లేరు.

ఆమె గేటు వేసి మెట్ల దగ్గరికి వచ్చింది.

"మొన్న అప్పలస్వామి కారు తెచ్చాడు. 'ఏరా, ఇంతాలస్యం?' అన్నాను. అనేశాక తెలిసింది, తిరిగొచ్చేసిందని. మా ఆవిడ లోపల్నుంచి విని ఏడ్చేసింది." ఆయన కుర్చీ చెయ్యి పట్టుకున్నాడు. "మీరూ గుర్తొచ్చారు. ఆకుపచ్చ చీర, చేతిలో ఫైలు. ఎందుకన్నానో మీరు చెప్పబోయి ఆగిపోయారు చూడండి, ఇప్పుడు చెప్పక్కర్లేదు. నాకు బాగా తెలుసు. అది నాలోనే ఉంది, ఎక్కడికీ పోలేదు. మీరింకా నోరు తెరవకపోయినా, మీ పేరు నా నోట రాగానే అది లేచి కూర్చుంది."

ఆయన కళ్ళు దించుకున్నాడు. "క్షమించమని అడగడానికి మొహం చెల్లడం లేదమ్మా. తెలియకుండా ఉన్న ఆ నాలుగు నెలలే బాగున్నాయి."

ఈ క్షణం కోసమే కదా అన్నేళ్ళు ఎదురుచూసింది. గుండె తేలికపడుతుందనుకుంది. పడలేదు. జాలీ కోపమూ ఒకేసారి వచ్చి, రెండూ ఒకదాన్నొకటి నెట్టుకుని, చివరికి ఏదీ నిలవలేదు. క్షమించానని అనలేదు. క్షమించననీ అనలేదు.

"రేపు ఇంటర్వ్యూలున్నాయి. కమిటీలో ఒకరిని ఎంచడం డైరెక్టరుగారు నాకే వదిలేశారు," అంది. "వస్తారా? పట్టీ ఉండదు."

ఆయన నమ్మలేనట్టు చూశాడు. "నేనా? ఇప్పుడు నేను చెప్పిందంతా విన్నాక కూడానా?"

"తనలో అది ఉందని ఒప్పుకున్నవాళ్ళు నాకు ఇంకెవరూ దొరకలేదండీ. నేనూ పక్కనే కూర్చుంటాను."

మర్నాడు వచ్చినవాళ్ళలో పాంగి సుభద్ర కూడా ఉంది. ఉద్యోగం ఆమెకే వచ్చింది గానీ ఆ సంగతి సాయంత్రానికి తేలింది. ఇంటర్వ్యూ జరుగుతున్నప్పుడు ఏమవుతుందో గదిలో ఎవరికీ తెలియదు. సుభద్ర ఒక గుడ్డ మూట విప్పి చోళ్ళు బల్ల మీద పోసింది. ఏ కొండ వాలు మీద ఏ గింజ వేస్తారో, వాళ్ళమ్మమ్మ ఏం చూసి ఏరేదో చెప్పసాగింది. ఉత్సాహంలో మాట కొండ యాసలోకి జారిపోయింది. నూకరత్నం ఓరగా పక్కకు చూసింది. ముక్తేశ్వరరావు పెదవి ఒక పక్కన చిన్నగా వంకర తిరుగుతోంది. ఆమె చూసిందని ఆయనా చూశాడు.

ఆయన చెయ్యెత్తి సుభద్రను ఆపాడు. ఆ అమ్మాయి మొహం వాడిపోయింది.

"అమ్మా, ఒక్క నిమిషం," అన్నాడు. "మీరు చెప్పింది మళ్ళీ మొదటి నుంచి చెప్పండి. నేను మధ్యలో వినడం మానేశాను."

సుభద్ర ఆయన వైపు, నూకరత్నం వైపు మార్చి మార్చి చూసింది. ఇది మర్యాదో అవమానమో ఆమెకు అంతుపట్టలేదు. కాసేపటికి బల్ల మీది గింజల్ని చేత్తో దగ్గరికి తీసి, అందులోంచి ఒకటి ఎత్తి పట్టుకుని, మొదటి నుంచి చెప్పడం మొదలుపెట్టింది.